చిన్న అప్‌డేట్ వేసిన తరువాత పైథాన్‌లో 2000 ఫ్యాక్టోరియల్ ఆగిపోతోంది, దయచేసి సహాయం చేయండి

లెక్కలమాస్టారు, నారాయణగూడ:
అందరికీ నమస్కారం. నిన్న రాత్రి ఎనిమిది గంటలకు ఈ సమస్యతో కూర్చున్నవాడిని ఒంటి గంట వరకు లేవలేదు, అయినా దారి తోచలేదు. మా డిగ్రీ కళాశాలలో రెండో సంవత్సరం గణితం విద్యార్థులకు ఆరేళ్లుగా ఒకే అభ్యాసం ఇస్తున్నాను: 2000 ఫ్యాక్టోరియల్‌లో, అంటే 1 నుండి 2000 వరకు సంఖ్యలన్నిటి లబ్ధంలో, మొత్తం ఎన్ని అంకెలు ఉన్నాయో, చివర ఎన్ని సున్నాలు ఉన్నాయో ప్రోగ్రాం రాసి కనుక్కోవాలి. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మొరాయించని ఆ ప్రోగ్రాం, మా ఇంటి కంప్యూటరులో పైథాన్‌ను అప్‌డేట్ చేసిన వెంటనే ఎర్ర అక్షరాలు చూపించి ఆగిపోయింది. పైథాన్‌ను తీసేసి మళ్లీ వేశాను. మెమరీ చాలడం లేదేమోనని తక్కిన ప్రోగ్రాములన్నీ మూసి చూశాను. విచిత్రం ఏమిటంటే 1500 ఇస్తే చక్కగా నడుస్తోంది, 2000 ఇస్తేనే ఆగుతోంది. ఎల్లుండి పది గంటలకు ల్యాబ్ పరీక్ష ఉంది. ఎవరికైనా తెలిస్తే చెప్పగలరు.

ఒక్కముక్క:
పాత వెర్షన్ ఏది, కొత్త వెర్షన్ ఏది, ఎర్ర అక్షరాల్లో చివరి వరుస ఏమిటి? ఈ మూడూ చెప్పకపోతే ఎవరూ ఏమీ చెప్పలేరు.

సంఖ్యాప్రియ, తార్నాక:
మాస్టారూ, అసలు చివరి సున్నాలు లెక్కపెట్టడానికి ఆ సంఖ్య మొత్తాన్ని రాయవలసిన అవసరమే లేదు. ఒక సున్నా ఏర్పడాలంటే ఒక 2, ఒక 5 జత కావాలి. ఫ్యాక్టోరియల్‌లో 2లకు కొదవ ఉండదు కనుక 5లను లెక్కపెడితే చాలు. 2000ను 5తో భాగిస్తే 400, దానిని మళ్లీ 5తో భాగిస్తే 80, ఆపైన 16, ఆపైన శేషం వదిలేస్తే 3. అన్నీ కలిపితే 499. ఇది లెజాండ్ర్ సూత్రం, కాగితం మీద అర నిమిషం పని. గణితం చదివే పిల్లలకు ఈ సూత్రం చెప్పకుండా కంప్యూటరు చేత సున్నాలు ఏరించడం నాకు బాధగా ఉంది. అంకెల సంఖ్య కూడా అంతే. 1 నుండి 2000 వరకు సంఖ్యల 10 ఆధారపు సంవర్గమానాలను కూడితే సుమారు 5735.5 వస్తుంది, కనుక 5736 అంకెలు. సంఖ్యను అంకెలుగా పరిచి లెక్కపెట్టడం సముద్రాన్ని చెంబుతో కొలవడం లాంటిది.

లెక్కలమాస్టారు, నారాయణగూడ:
సంఖ్యాప్రియ గారూ, మీరు చెప్పిన సూత్రం నేను తరగతిలో మొదటి వారంలోనే చెబుతాను. సూత్రం ఇచ్చిన 499ని, నిజంగా ఆ సంఖ్యను రాసి లెక్కపెట్టిన 499తో పిల్లలు తమ కళ్లతో పోల్చి చూడాలన్నదే ఈ అభ్యాసం ఉద్దేశం. ఒక్కముక్క గారూ, వెర్షన్ మారలేదండీ. అప్పుడూ 3.10, ఇప్పుడూ 3.10. చివరి వరుసలో వాల్యూ ఎర్రర్ అని ఉంది.

ఒక్కముక్క:
3.10 తరువాత ఇంకో సంఖ్య ఉంటుంది. ఆ వరుస పూర్తిగా రాయండి.

లెక్కలమాస్టారు, నారాయణగూడ:
క్షమించాలి, ఆ మూడో సంఖ్య ముఖ్యమని అనుకోలేదు. పాతది 3.10.6, కొత్తది 3.10.7. వరుస పూర్తిగా ఇది: వాల్యూఎర్రర్, ఎక్సీడ్స్ ది లిమిట్ 4300 ఫర్ ఇంటీజర్ స్ట్రింగ్ కన్వర్షన్. ఈ 4300 అన్నది నా ప్రోగ్రాంలో ఎక్కడా లేదు. ఒక మిత్రుడు ఇది పైథాన్‌తో పాటే వచ్చే ఐడిల్ అనే ఎడిటరు దోషమని, పొడవైన ఫలితాన్ని అది మడిచి చిన్న బొత్తంగా చూపిస్తుందని అన్నాడు. కమాండ్ ప్రాంప్ట్‌లో నడిపినా ఇదే వచ్చింది.

మాటలమూట:
మూడో సంఖ్య మారినా వెర్షన్ మారలేదనడం చాలామంది చేసే పొరపాటు. పైథాన్ తనంతట తానే ఈ మూడింటినీ మేజర్, మైనర్, మైక్రో అని పిలుచుకుంటుంది. మైక్రో మారినప్పుడు వచ్చేదాన్ని మెయింటెనెన్స్ విడుదల అంటారు. దీనికి మనవాళ్లు పత్రికల్లో ‘నిర్వహణ విడుదల’ అని రాస్తున్నారు, అది నాకు నచ్చదు. నిర్వహణ అంటే నడిపించడం. సభను నిర్వహిస్తాం, సంస్థను నిర్వహిస్తాం. బోరు మోటారుకు, చెరువు కట్టకు చేసేది మరమ్మతు. కనుక దీనిని మరమ్మతు విడుదల అంటే చదివేవాడికి వెంటనే తెలుస్తుంది.

సర్వర్‌గది, మాదాపూర్:
మాస్టారూ, మీ ప్రోగ్రాంలో తప్పు లేదు, మీ కంప్యూటరులోనూ లేదు. 2000 ఫ్యాక్టోరియల్ ఇప్పటికీ సరిగానే లెక్క అవుతోంది. ఆ సంఖ్యను దశాంశ అంకెల స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా, మార్చే ఘట్టంలోనే పైథాన్ ఆగుతోంది. 1500 ఫ్యాక్టోరియల్‌కు 4115 అంకెలు, అది 4300 అంకెల హద్దు లోపల ఉంది. 2000కు 5736 అంకెలు, అది హద్దు దాటింది. మీకు విచిత్రంగా కనిపించినదానికి కారణం ఇంతే.

ఈ హద్దును 2022 సెప్టెంబరులో వచ్చిన 3.10.7లో పెట్టారు, అదే మార్పును 3.9.14, 3.8.14, 3.7.14లలో కూడా చేర్చారు. కారణం కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే సర్వర్లు చూసుకునేవాడిగా నాకు ఇది ప్రాణం మీది విషయం. పైథాన్ పెద్ద సంఖ్యలను లోపల ద్విసంఖ్యా రూపంలో, సాధారణంగా 30 బిట్ల ముక్కలుగా దాచుకుంటుంది. దానిని పదుల లెక్కలోకి మార్చాలంటే ప్రతి ముక్కనూ తక్కిన ముక్కలతో కలిపి గుణకారాలు, భాగహారాలు చేయాలి. అందువల్ల అంకెలు రెట్టింపు అయితే పని నాలుగింతలు అవుతుంది. 5 లక్షల అంకెల స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చడానికి వేగమైన ప్రాసెసరుకు కూడా సెకను దాటవచ్చు. ఇప్పుడు ఎవరో ఒక దురుద్దేశం గలవాడు, వెబ్‌సైట్లు సమాచారం పంపుకునే జేసన్ రూపంలో అంత పొడవైన సంఖ్యను మన వెబ్‌సైటుకు వందసార్లు పంపాడనుకోండి. నిజమైన వినియోగదారులు బయట నిలబడే ఉంటారు. ఈ బలహీనతకే, భద్రతా లోపాల బహిరంగ జాబితా అయిన సీవీఈలో, సీవీఈ-2020-10735 అని గుర్తింపు సంఖ్య ఇచ్చారు.

హద్దు తీయడానికి మూడు మార్గాలు ఉన్నాయి. ప్రోగ్రాం మొదట్లో సిస్ అనే పైథాన్ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసి సిస్.సెట్_ఇంట్_మ్యాక్స్_స్ట్ర్_డిజిట్స్ అనే ఫంక్షన్‌కు 10000 ఇవ్వవచ్చు. 0 ఇస్తే హద్దు పూర్తిగా పోతుంది, కానీ 1 నుండి 639 వరకు ఏ విలువ ఇచ్చినా ఒప్పుకోదు. ప్రోగ్రాం ముట్టకుండా చేయాలంటే పైథాన్ఇంట్‌మ్యాక్స్‌స్ట్ర్‌డిజిట్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టవచ్చు, లేదా పైథాన్‌ను నడిపేటప్పుడు అదే విలువను ఎక్స్ అనే ఆప్షన్‌తో ఇవ్వవచ్చు. మీ తరగతికి మొదటిదే మేలు, ఎందుకంటే అది ప్రోగ్రాంతో పాటే ప్రయాణిస్తుంది.

సంఖ్యాప్రియ, తార్నాక:
ఇది గణితం చేసేవారికి జరిగిన అన్యాయమని నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. మెర్సెన్ ప్రధాన సంఖ్యలలో 2 ఘాతం 11213 మైనస్ 1కి 3376 అంకెలు, అది ముద్రణ అవుతుంది. 1971లో దొరికిన 2 ఘాతం 19937 మైనస్ 1కి 6002 అంకెలు, అది ఆగిపోతుంది. ఎంత పెద్ద పూర్ణసంఖ్యనైనా జంకు లేకుండా పట్టుకోవడం పైథాన్ సొగసు. ఎక్కడో వెబ్ సర్వరుకు వచ్చిన ముప్పుకు, ఇంట్లో కూర్చుని ప్రధాన సంఖ్యలు చూసుకునేవాడి చేతికి సంకెళ్లు వేయడం దేనికి?

సర్వర్‌గది, మాదాపూర్:
మీ బాధ నాకు అర్థమవుతోంది. కానీ పదహారు ఆధారపు హెక్స్ రూపానికి ఈ హద్దు లేదు, ద్విసంఖ్యా, అష్టసంఖ్యా రూపాలకూ లేదు. అక్కడ బిట్లను నాలుగేసి చొప్పునో, మూడేసి చొప్పునో విడదీస్తే చాలు, గుణకారాల గొడవ ఉండదు. గుణకారం, కూడిక, పోలిక వంటి లెక్కల జోలికి కూడా ఈ మార్పు పోలేదు. మాటలమూట గారూ, ఇక్కడ ‘మరమ్మతు’ అన్న మాట పూర్తిగా అతకదు. మరమ్మతు అంటే పాడైనదాన్ని బాగుచేయడం, ఇక్కడ పాడైనది ఏదీ లేదు, కొత్తగా కాపలా పెట్టారు. అప్పటికి 3.7, 3.8, 3.9లకు భద్రతా సవరణలు మాత్రమే వస్తున్నాయి. వాటిలో కూడా ఈ మార్పు చేర్చారంటేనే ఇది ఏ కోవకు చెందినదో తెలుస్తుంది.

మాటలమూట:
కాపలా పెట్టడం కూడా మరమ్మతులో భాగమే. కట్ట తెగకముందే రాయి పేర్చితే దానిని కూడా మరమ్మతు అనే అంటాం. అయితే నడుస్తున్న ప్రోగ్రాం ఆగిపోయేంత మార్పును మైక్రో సంఖ్య కింద విడుదల చేయడం తగునా అన్న ప్రశ్నకు ఇక్కడ ఎవరూ సమాధానం చెప్పలేదు.

లెక్కలమాస్టారు, నారాయణగూడ:
సర్వర్‌గది గారూ, మీరు చెప్పిన ఫంక్షన్ మా ఇంట్లో పనిచేసింది, 5736 అనీ 499 అనీ వచ్చాయి. అదే ఫైలును ఈ ఉదయం కళాశాల ల్యాబ్‌లో నడిపితే, అన్ని కంప్యూటర్లలోనూ ఆట్రిబ్యూట్ ఎర్రర్ వచ్చింది. సిస్‌లో అలాంటి పేరే లేదంటోంది. మళ్లీ మొదటికే వచ్చాను.

ఒక్కముక్క:
ల్యాబ్‌లో 3.10.6 ఉండి ఉంటుంది. అందులో హద్దూ లేదు, హద్దు తీసే ఫంక్షనూ లేదు.

సర్వర్‌గది, మాదాపూర్:
అవునండీ, ల్యాబ్ సంగతి మీరు ముందు చెప్పలేదు కనుక నాకు తట్టలేదు. ఆ ఫంక్షన్ సిస్‌లో ఉందో లేదో హ్యాజ్‌ఆట్ర్‌తో అడిగి, ఉంటేనే పిలిచేలా ఒక ఇఫ్ వరుస రాయండి. అప్పుడు రెండు చోట్లా నడుస్తుంది. ల్యాబ్ కంప్యూటర్లను పరీక్షకు ముందు మాత్రం ముట్టవద్దు, తరువాత తీరికగా 3.10.7కు మార్చమని చెప్పండి. ఇంకొక్క మాట, ఎవరైనా విద్యార్థి 4300 అంకెలకు మించిన సంఖ్యను నేరుగా ప్రోగ్రాంలోనే అతికిస్తే, కొత్త వెర్షన్‌లో ప్రోగ్రాం మొదలు కాకముందే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. అక్కడ ఈ ఇఫ్ వరుస అక్కరకు రాదు, ఎందుకంటే ఆ వరుస నడిచే వరకు కూడా పని పోదు.

సంఖ్యాప్రియ, తార్నాక:
మాస్టారూ, పరీక్షలో ఒక ఉపప్రశ్నగా లెజాండ్ర్ సూత్రం తప్పకుండా పెట్టండి.

లెక్కలమాస్టారు, నారాయణగూడ:
పరీక్ష సవ్యంగా జరిగింది. ఇఫ్ వరుస అన్ని కంప్యూటర్లలోనూ పనిచేసింది. ధన్యవాదాలు.