ఇంట్లో వినడానికి మంచి ఎఫ్ఎం ట్యూనర్ కావాలి: అమెరికా నుంచి తెప్పించుకోవచ్చా?

కూకట్‌పల్లి లెక్కలమాస్టారు:
అందరికీ నమస్తే. రిటైరయి రెండేళ్లయింది. పొద్దున కాఫీ దగ్గర్నుంచి వివిధ భారతి 102.8, మధ్యమధ్యలో రెయిన్‌బో 101.9. అంతే నా లోకం. ఇంట్లో పాత స్టీరియో యాంప్లిఫయర్, ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఉన్నాయి. ఇన్నాళ్లూ ఫోన్‌లో రేడియో పెట్టి, వైరుతో దానికి కలిపి వినేవాణ్ని. ఆ ఫోన్ పాడైంది, కొత్తదాంట్లో ఎఫ్ఎం లేదు.

మా అబ్బాయి డల్లాస్ నుంచి సంక్రాంతికి వస్తున్నాడు. వస్తూ పాత ట్యూనర్ (స్టేషన్ పట్టి యాంప్లిఫయర్‌కి అందించే రేడియో సెట్టు) ఒకటి తెస్తానని మూడు లింకులు పంపాడు. ఒకటి కెన్‌వుడ్ కేటీ-7500, నాబ్ తిప్పితే ముల్లు కదిలే రకం, 170 డాలర్లు. రెండోది సోనీ డిజిటల్‌ది, మోడల్ నంబరు ఫొటోలో సరిగా కనపడలేదు. మూడోది జపాన్‌లో ఎవరో అమ్ముతున్న ట్రయో కేటీ-1100. అన్నిటికంటే తక్కువ ధర, ఫొటోలో కొత్తదానిలా మెరుస్తోంది. నా మనసు దాని మీదే ఉంది.

మాది నాలుగో అంతస్తు, చుట్టూ మాకంటే పెద్ద అపార్ట్‌మెంట్లు. అన్నీ కలిపి పాతిక వేలు దాటకూడదు. ఏది తీసుకోమంటారు?

నిజాంపేట కుర్రాడు:
మాస్టారూ, రేడియోకి పాతిక వేలా! న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్‌లో వివిధ భారతి ఉచితంగా వస్తుంది. ఫోన్‌ని బ్లూటూత్‌తో కలపండి, పని అయిపోతుంది.

కూకట్‌పల్లి లెక్కలమాస్టారు:
యాప్ ఉంది బాబూ. నెట్ తడబడిందంటే పల్లవి అయ్యాక చరణం కోసం ఎదురుచూడాలి. ఈలోగా ఎవరో లోన్ కావాలా అని ఫోన్ చేస్తారు. ఇంట్లో అందరికీ అదే ఒక టెన్షన్.

గ్యాంగ్ కండెన్సర్:
మాస్టారు గారూ, సికింద్రాబాద్‌లో ముప్పై ఏళ్లు రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేశాను. ఇప్పుడు షాపు లేదు, చెయ్యి ఊరుకోక ఇంట్లోనే ఏదో ఒకటి విప్పుతుంటాను.

ముందు ఆ ట్రయో లింకు మూసెయ్యండి. ట్రయో అంటే కెన్‌వుడ్‌కే పాత పేరు, సెట్టు మంచిదే. కానీ జపాన్‌లో ఆ రోజుల్లో ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే. మీ 102.8 దాంట్లో అసలు లేనే లేదు, 91.1 కూడా అంచు దాటి అవతల ఉంటుంది. ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక జపాన్ ట్యూనర్ 1,800కి కొన్నాను. వెలిగే అంకెల సెట్టు, సంతలో కరెంటు లేదు. ఇంటికి తెచ్చి 100 వోల్టులు ఇచ్చాక అంకెలు 90 దగ్గర ఆగి మళ్లీ 76కి వచ్చాయి. అప్పుడు వెలిగింది నాకు. మా ఆవిడ దాని మీద అగరబత్తీల డబ్బా పెట్టుకుంది. బ్యాండు మార్చే చిన్న డబ్బాలు దొరుకుతాయి గానీ, దాన్ని మధ్యలో పెట్టేటట్టయితే మంచి ట్యూనర్ కొన్న ప్రయోజనం ఏముంది?

ఇక సోనీ. అమెరికాలో స్టేషన్లన్నీ 88.1, 88.3, 88.5 ఇలా బేసి అంకెల మీదే ఉంటాయి. అక్కడి కోసం చేసిన డిజిటల్ సెట్లు చాలావరకు 0.2 చొప్పున దూకుతాయి. మీ 101.9 దొరుకుతుంది, 98.3 దొరుకుతుంది. 102.8 మాత్రం దొరకదు, 102.7 తర్వాత నేరుగా 102.9. కొన్ని సెట్లకి వెనకాల ఈ దూకుడు మార్చే చిన్న స్విచ్ ఉంటుంది. ఆ వైపు ఫొటో పంపమని అమ్మేవాణ్ని అడిగి, స్విచ్ కనపడితేనే సోనీ గురించి ఆలోచించండి. ముల్లు తిరిగే కెన్‌వుడ్‌కి ఈ బాధ లేదు, ఎక్కడైనా ఆగుతుంది.

అమెరికా సెట్టు ఏదైనా ఇంకో తేడా ఉంటుంది. స్టేషన్ వాళ్లు సన్నని స్వరాలను పెంచి పంపుతారు. మన సెట్టు అంతకు అంత తగ్గించుకుంటుంది, ఆ తగ్గింపులో గరగర కూడా తగ్గుతుంది. ఈ లెక్క అమెరికాలో 75 మైక్రోసెకన్లు, మన దగ్గర 50. అంటే వాళ్ల సెట్టు ఇక్కడ అవసరానికి మించి తగ్గిస్తుంది. గజ్జెలు, తాళాలు దుప్పటి కప్పుకుని మోగినట్టుంటాయి. మీరు లెక్కల మాస్టారు కాబట్టి చెబుతున్నాను, ఆ 75 అనేది రెసిస్టెన్స్‌ని కెపాసిటెన్స్‌తో, అంటే కండెన్సర్ విలువతో, గుణిస్తే వచ్చేదే. కండెన్సర్ విలువను మూడింట రెండొంతులు చేస్తే 50 అవుతుంది. ఎడమకొకటి, కుడికొకటి, కోఠి గుజరాతీ గల్లీలో చిల్లర డబ్బులకు దొరుకుతాయి. విప్పడం ఇష్టం లేకపోతే యాంప్లిఫయర్‌లో ట్రెబుల్ కాస్త పెంచండి, చాలావరకు సర్దుకుంటుంది.

కరెంటుకి 230 నుంచి 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ట్యూనర్‌కి ఎక్కువ కరెంటు పట్టదు, చిన్నది చాలు. ప్రయాణాలకి అమ్మే తేలికపాటి కన్వర్టర్లు మాత్రం వద్దు, వాటి చప్పుడంతా రేడియోలోనే వినపడుతుంది.

నా ఓటు కెన్‌వుడ్‌కే. అయితే ఈ సెట్టు 1970ల నాటిది. అబ్బాయిని ఆన్ చేసిన వీడియో అడగమనండి. స్టేషన్ పట్టినప్పుడు స్టీరియో దీపం వెలగాలి. డయల్ ముల్లు కాక రెండు చిన్న మీటర్లుంటాయి: స్టేషన్ సరిగ్గా పట్టిందో లేదో చూపేది ఒకటి, సిగ్నల్ బలం చూపేది ఇంకొకటి. మొదటిదాని ముల్లు సరిగ్గా నడిమికి వచ్చినప్పుడే సిగ్నల్ ముల్లు అన్నిటికంటే పైకి లేవాలి. ఆ రెండూ వేర్వేరు చోట్ల జరిగితే లోపలి సర్దుబాటు (అలైన్‌మెంట్) తప్పినట్టు. నాబ్ తిప్పితే డయల్ ముల్లు జారిపోతుంటే డయల్ దారం వదులైందంతే, దానికి భయపడక్కర్లేదు. ‘వైడ్, న్యారో’ అని స్విచ్ ఉంటే వైడ్‌లోనే ఉంచండి. మన దగ్గర స్టేషన్లు దూరదూరంగా ఉంటాయి, పక్క స్టేషన్‌ని ఆపే న్యారో అక్కర్లేదు. 92.7, 93.5, 94.3 చూడండి, తేడా 0.8.

ఇంత చెప్పాక అసలు మాట. మీ చుట్టూ ఉన్న అపార్ట్‌మెంట్ల గోడలకు తగిలి ఒకే సిగ్నల్ రెండు మూడుసార్లు మీ సెట్టుకు చేరుతుంది. సుశీలమ్మ పాడుతుంటే ‘స’ దగ్గర గుడ్డ చింపినట్టు వస్తుందే, అది ఇదే. ఎంత ఖరీదైన ట్యూనరైనా దాన్ని పూర్తిగా ఆపలేదు, ఏంటెనానే ఆపాలి. ఇంటి మీద వాడని డిష్ కేబుల్ ఏదైనా ఉందా? అది 75 ఓముల కేబులే, మనకు సరిగ్గా అదే కావాలి. రెండు రాగి తీగలు, ఒక్కొక్కటి 73 సెంటీమీటర్లు. ఒకదాన్ని కేబుల్ నడిమి తీగకి, రెండోదాన్ని పై జాలీకి కలిపి, ప్లాస్టిక్ పైపు మీద ఎదురెదురుగా చాచి కట్టండి. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పెట్టి చూడండి. అటూ ఇటూ తిప్పుతూ ‘స’ శుభ్రంగా వినిపించే చోట బిగించండి. పిడుగుల కాలంలో సెట్టు వెనక నుంచి కేబుల్ పీకెయ్యండి.

మణికొండ టెక్కీ:
అంకుల్ చెప్పినవన్నీ కరెక్ట్. ఒక్కటి కలుపుతాను. కార్ స్టీరియోల కోసం చేసిన టీఈఎఫ్6686 అనే చిప్‌తో చేతిలో పట్టే రేడియోలు వస్తున్నాయి. బలహీనమైన స్టేషన్‌ని కూడా లాగుతాయి, 50, 75 లెక్క కూడా మెనూలోనే మార్చుకోవచ్చు. విప్పడాలు, ట్రాన్స్‌ఫార్మర్లు ఏమీ అక్కర్లేదు.

గ్యాంగ్ కండెన్సర్:
నిజమే నాన్నా, మా తమ్ముడి కొడుకు దగ్గర చూశాను. పట్టడంలో పాత సెట్లకి ఏమాత్రం తీసిపోదు. కాకపోతే ఆయన రోజూ యాంప్లిఫయర్ పక్కన కూర్చుని వినే మనిషి. చేత్తో తిప్పే బరువైన నాబ్ ఉంటే ఆ సుఖం వేరు. మాస్టారూ, ఇంకో సంగతి. మీరు వినే పాత పాటలు చాలావరకు మోనోలో, అంటే ఎడమ కుడి తేడా లేకుండా, రికార్డయినవే. గరగర ఉంటే మోనో బటన్ నొక్కెయ్యండి. పాటలో పోయేదేమీ లేదు, సొద మాత్రం బాగా తగ్గుతుంది.

కూకట్‌పల్లి లెక్కలమాస్టారు:
పది రోజుల తర్వాత రాస్తున్నాను. డిష్ కేబుల్ నిజంగానే ఉంది, మూడేళ్లుగా గోడకి వేలాడుతోంది. అటక మీద సీడీ తిరగని హోమ్ థియేటర్ డబ్బా ఒకటి ఉంటే, దాని ఎఫ్ఎంకి మీరు చెప్పిన తీగలు తగిలించాను. అడ్డంగా పెడితే పెద్ద తేడా లేదు. నిలువుగా పెట్టి వాటర్ ట్యాంకుకి అవతల వైపు మార్చగానే చిరుగుడు పోయింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి “కొత్తది వచ్చేసిందా?” అంది. వంటింటి ఎల్ఈడీ బల్బు ఒకటి వేస్తే మాత్రం బుర్రుమంటోంది, అది మార్చాలి.

కెన్‌వుడ్‌కే డబ్బు కట్టమన్నాను. వీడియోలో రెండు ముళ్లూ మీరన్నట్టే కలిశాయి. సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెస్తానంటున్నాడు.

గ్యాంగ్ కండెన్సర్:
సూట్‌కేసులో వద్దు, చేతి సామానులో తెమ్మనండి. విసిరేశారంటే డయల్ అద్దం మళ్లీ దొరకదు. వచ్చాక కండెన్సర్లు మార్చడానికి నన్ను పిలవండి. టంకం సామాను నేనే తెస్తాను, కాఫీ మీది.