ఊట గ్యాస్ శాంపిల్‌లో గాలి కలిస్తే హీలియం లెక్క ఎలా సరిచేయాలి?

జియోకెమిస్ట్రీ తెలిసినవాళ్ళు కాస్త హెల్ప్ చేయండి ప్లీజ్. అగ్నిపర్వతాల దగ్గర ఊటల్లోంచి వచ్చే గ్యాస్ మీద ప్రాజెక్ట్ చేస్తున్నా. కాలిఫోర్నియాలోని మామత్ మౌంటెన్ కేస్ తీసుకున్నా, అక్కడ 1989లో నెలల తరబడి చిన్న చిన్న భూకంపాలొచ్చి, ఆవిరి రంధ్రం గ్యాస్‌లో హీలియం-3 (భూమి లోతుల్లోని మాగ్మా నుంచి ఎక్కువగా వచ్చే తేలికైన హీలియం రకం) వాటా పెరిగి, 1990 నుంచి హార్స్‌షూ లేక్ దగ్గర మట్టిలో కార్బన్ డయాక్సైడ్ నిండిపోయి చెట్లు నిలువునా ఎండిపోయాయి. లావా బయటికి రాకుండానే ఇంత జరిగిందంటే ఒళ్ళు జలదరిస్తుంది నాకైతే.

డౌట్ ఏంటంటే, బుడగలొచ్చే చోట గరాటు బోర్లించి గ్యాస్‌ని రాగి గొట్టంలోకి పట్టి రెండు చివర్లూ క్లాంప్‌తో నొక్కేస్తారు కదా, గాజైతే హీలియం మెల్లగా దాటిపోతుందని. ఎంత జాగ్రత్తపడ్డా కొంచెం గాలి కలుస్తుంది, హీలియం-4 (మామూలు హీలియం), నియాన్-20 నిష్పత్తి చూసి ఆ గాలి వాటా తీసేయాలి. కానీ ఆ నిష్పత్తి మామూలు గాలిలో 0.318, ఊట నీళ్ళలో ముందే కరిగి ఉన్న గాలిలో అంతకంటే తక్కువ. మరి కరెక్షన్‌కి ఏది వాడాలి? రెండూ కలిసుంటే నైట్రోజన్-ఆర్గాన్ నిష్పత్తితో విడదీయొచ్చా? గాలిలో అది 84 దాకా, నీళ్ళలో కరిగినదాంట్లో దాదాపు 38, కానీ లోపల్నుంచి వచ్చే నైట్రోజన్ కూడా కలిస్తే లెక్క తప్పదా? ఫీల్డ్‌లో చేసినవాళ్ళు ఎలా చేస్తారో చెప్పండి.