పంది ముక్క లేకుండా కొలార్డ్స్ వండి ఆఫీస్ పాట్‌లక్‌కి తీసుకెళ్లొచ్చా?

మాధురి_మేరియెట్టా:
జార్జియా, అలబామా వైపు ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. జూన్‌టీన్త్‌కి (అమెరికాలో బానిసత్వం ముగిసినందుకు చేసుకునే పండగ) మా ఆఫీస్‌లో పాట్‌లక్ (తలా ఒక వంట తెచ్చి కలిసి తినడం) ఉంది. టీమ్‌లో సగం మంది ఆఫ్రికన్ అమెరికన్లు. ఎప్పుడూ పులిహోరేనా అనిపించి ఈసారి వాళ్ల వంటే చేద్దామనుకున్నాను: కొలార్డ్స్ (క్యాబేజీ జాతి మందపాటి ఆకుకూర), బొబ్బర్లతో చేసే హాపిన్ జాన్ అన్నం, కార్న్‌బ్రెడ్. మేం పూర్తి వెజ్ కాబట్టి హ్యామ్ హాక్ (పంది కాలి కీలు ముక్క) వేయను. వెన్న కూడా వద్దనుకుంటున్నాను, మా మేనేజర్‌కి బీపీ ఉంది. ట్రయల్ వేసి చూశాను. ఆకు ఇసుక పోయేదాకా కడిగి, ఈనె తీసేసి, చుట్ట చుట్టి తరిగి, ఉల్లి వెల్లుల్లి మగ్గాక స్మోక్‌డ్ పాప్రికా, ఎండుమిర్చి వేసి నీళ్లు పోసి ముప్పావుగంట సిమ్‌లో ఉంచాను, చివర్లో యాపిల్ సైడర్ వెనిగర్. నాకైతే నచ్చింది. పక్క సీటు ఆవిడకి పెడితే "బావుంది, కానీ మా గ్రీన్స్ ఇలా ఉండవు" అని నవ్వేసింది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

కార్న్‌బ్రెడ్_బాబు:
కార్న్‌బ్రెడ్‌లో చక్కెర వేస్తున్నారా లేదా? ముందు అది చెప్పండి.

సుబ్బారావు_షార్లెట్:
మాధురి గారూ, ఏ సందేహం పెట్టుకోకుండా తీసుకెళ్లండి. సోల్ ఫుడ్, అంటే ఆఫ్రికన్ అమెరికన్ల సంప్రదాయ వంట, అనగానే వేయించిన చికెన్, పంది పక్కటెముకలు అనుకుంటారు మనవాళ్లు. ఆ పేరు 1960లలో ప్రచారంలోకి వచ్చింది గానీ వంట అంతకంటే చాలా పాతది, అందులో చాలా భాగం తోటలో పండిందే. బానిసత్వం రోజుల్లో యజమాని ఇచ్చే రేషన్ మామూలుగా మనిషికి వారానికి కాస్త మొక్కజొన్న పిండి, మూడు పౌన్లో ఎంతో ఉప్పు పంది మాంసం. పొద్దస్తమానం పొలంలో చాకిరీ చేసే మనిషికి అది ఏ మూలకి? అందుకని వీలున్న చోటల్లా గుడిసె పక్కన చిన్న మడి వేసుకుని, రాత్రిళ్లూ ఆదివారాలూ ఆకుకూరలు, బెండ, బొబ్బర్లు, చిలగడదుంప పండించుకున్నారు. బొబ్బర్లు పుట్టింది ఆఫ్రికాలో, మన అలసంద వడల్లోకి వచ్చిందీ ఎప్పుడో అక్కణ్నుంచే. మాంసం కుండలో రుచికి వేసే ముక్క, అంతే. ఆ ముక్క తీసేస్తే అసలు వంటకి ఇంకా దగ్గరవుతారు. పైగా సాత్వికం, ఒంటికీ మంచిది.

గోంగూర_గోపి:
రెండు కట్టలు గోంగూర కలపండి, ఏ హాకూ అక్కర్లేదు 😀

కిరణ్_బర్మింగ్‌హామ్:
సుబ్బారావు గారూ, "రుచికి వేసే ముక్క, అంతే" అని భలే తేలిగ్గా పక్కకి నెట్టేశారు. నేను మా పక్కింటి పెద్దాయన దగ్గర నేర్చుకుని వండుతాను. ఆయన ముందు పొగబెట్టిన హ్యామ్ హాక్ ఒక్కదాన్నే రెండు గంటలు ఉడకబెడతాడు. నీళ్లు మబ్బుగా మారి, వేళ్ల మధ్య రాస్తే జిగురు తగిలాకే ఆకు వేస్తాడు. ఆ జిగురు ఎముక, చర్మం నుంచి వచ్చేది. ఆకు అయిపోయాక అడుగున మిగిలే ఆ నీళ్లనే పాట్ లిక్కర్ అంటారు, కార్న్‌బ్రెడ్ ముంచుకు తింటారు, కప్పులో పోసుకు తాగుతారు. పాప్రికా చల్లితే రంగొస్తుంది, ఇది ఎక్కణ్నుంచి వస్తుంది?

ఇంకోటి. పంది అంటే యజమాని పారేసిన ఎంగిలి అన్నట్టు మాట్లాడతారు అందరూ. మిసిసిపీలో పౌరహక్కుల కార్యకర్త ఫ్యానీ లూ హేమర్ ఓటరుగా నమోదు చేసుకోవడానికి వెళ్లినందుకు 1962లో తోట యజమాని ఆవిణ్ణి వెళ్లగొట్టాడు. అదే ఆవిడ 1960ల చివర్లో సన్‌ఫ్లవర్ కౌంటీలో పేద కుటుంబాల కోసం పంది బ్యాంక్ పెట్టించింది. చూలు పందిని ఇంటికి ఇస్తారు, ఈనాక కొన్నిటిని బ్యాంక్‌కి తిరిగివ్వాలి, మిగతావి ఆ ఇంటివే. ఒకడి దగ్గర చేయి చాపకుండా బతకడానికి వాళ్లు నమ్ముకున్నది పందిని. దాన్ని తీసేసి "అసలు వంట" అంటే ఎలా?

శైలజ_ఆర్‌ఎన్:
ఇద్దరూ పందిని పట్టుకుని వేలాడుతున్నారు, ఉప్పు గురించి ఒక్కరూ మాట్లాడరేం? నేను మిసిసిపీలో గుండె జబ్బుల వార్డ్‌లో నర్స్‌ని. ఒక టీస్పూన్ ఉప్పులో దాదాపు 2300 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, పెద్దవాళ్లకి రోజంతటికీ పరిమితి అదే. హ్యామ్ హాక్ మానేసి ఆ లోటుకి వెజ్ బుయాన్ క్యూబ్‌లు (సూప్ రుచికి వేసే ఉప్పటి బిళ్లలు), వీగన్ (పాలు, గుడ్లు కూడా లేని) సాసేజ్, కడగని డబ్బా బొబ్బర్లు వేశారనుకోండి, ఉప్పు అక్కడికే వస్తుంది. వెన్న బదులు కొబ్బరి నూనె వాడి హెల్దీ అనేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది, శాచురేటెడ్ ఫ్యాట్ వెన్నలోకంటే దాన్లోనే ఎక్కువ.

2018లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో పెద్ద అధ్యయనం ఒకటి వచ్చింది. తెల్లవాళ్లకంటే నల్లజాతి వాళ్లకి బీపీ ఎందుకు ఎక్కువ వస్తోందని వెతికితే, లెక్కలోకి తీసుకున్న కారణాల్లో ముందు నిలిచింది దక్షిణాది తిండి తీరు. ఆ తీరులో ఏమున్నాయి? వేపుళ్లు, ప్రాసెస్ చేసిన మాంసం, అదనంగా పోసే కొవ్వు, చక్కెర పానీయాలు. ఆకుకూర తప్పేం లేదు. మాధురి గారు కొలార్డ్స్‌లో ముక్క తీసేసి పక్కన జగ్గు నిండా స్వీట్ టీ పెడితే ఏం లాభం?

కార్న్‌బ్రెడ్_బాబు:
అందుకే చక్కెర సంగతి అడిగాను. నా మాట ఎవరు వింటారు!

సుబ్బారావు_షార్లెట్:
కిరణ్ గారూ, మీ బాధ పొగా, జిగురూ అయితే రెండిటికీ మార్గాలున్నాయి. ఎండు షిటాకే పుట్టగొడుగులు నానబెట్టిన నీళ్లు, బొబ్బర్లు ఉడికిన నీళ్లు కలిపి ఆకులో పోయండి, చిక్కగా వస్తుంది. దింపేముందు లిక్విడ్ స్మోక్ (పొగ రుచినిచ్చే ద్రవం) రెండే చుక్కలు, మూడో చుక్క పడితే కుండంతా కాలిన కట్టె వాసన. చెంచాడు మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) వేస్తే ఆ లోతు వస్తుంది, అయితే మిసోలో ఉప్పుంటుంది కాబట్టి వేరే ఉప్పు వద్దు, శైలజ గారికీ తృప్తి. కార్న్‌బ్రెడ్‌లో గుడ్డుకి బదులు అవిసె పొడి, మజ్జిగకి బదులు సోయా పాలలో వెనిగర్.

చరిత్ర అంటారా, డిక్ గ్రెగరీ అంతటి పౌరహక్కుల మనిషి 1960లలోనే అహింస పేరు చెప్పి శాకాహారి అయ్యాడు. నల్లజాతి ముస్లింల సంస్థ నేషన్ ఆఫ్ ఇస్లాం నాయకుడు ఎలైజా మొహమ్మద్ పందిని ముట్టొద్దన్నాడు. వాళ్లలో తెలివైనవాళ్లు ఎప్పుడో మానేశారండీ. అది మానితే మనసు కూడా కుదుటపడుతుంది.

కిరణ్_బర్మింగ్‌హామ్:
"వాళ్లలో తెలివైనవాళ్లు". రాసేశాక ఒకసారి చదువుకున్నారా సార్? ఎలైజా మొహమ్మద్ పందితో ఆగలేదు, కొలార్డ్స్, బొబ్బర్లు, చిలగడదుంప, కార్న్‌బ్రెడ్ కూడా వద్దన్నాడు, అవన్నీ బానిస తిండి అని. ఆయన్ని సాక్షిగా పిలిస్తే మీరు చెప్పిన తోట మొత్తం పోతుంది.

సాత్వికం, మనసు కుదుటపడటం, ఈ మాటలు వింటూ పెరిగినవాణ్ణి నేను. హైదరాబాద్‌లో ఇల్లు వెతికినప్పుడు "ఓన్లీ వెజ్" బోర్డు లేని చోట కూడా ఇంటిపేరు అడిగి, ఊళ్లో ఏ వైపు అని అడిగి, చివరికి మీరు తినేదేంటని అడిగేవాళ్లు. ఇక్కడికొచ్చాక ఒక తెలుగు పిక్నిక్‌కి మా ఆవిడ పంది వేపుడు చేసి తెస్తే, చెత్త డబ్బాల పక్కన వేరే బల్ల వేసి అక్కడ పెట్టించారు. ఎవరూ తిట్టలేదు, అందరూ నవ్వుతూనే ఉన్నారు. ఆరోగ్యం అన్న మాట ముందు పెట్టుకుంటే ఇంకేం అడగక్కర్లేదు కదా.

సుబ్బారావు_షార్లెట్:
వంట గురించి మాట్లాడుతుంటే కులం ఎందుకు లాక్కొస్తారు? నేను ఒక్క మాటన్నానా? మీ పిక్నిక్‌లో ఎవరో ఏదో చేస్తే నాకేం సంబంధం?

కిరణ్_బర్మింగ్‌హామ్:
కులం అన్న మాట మీరే వాడారు. నేను బల్ల గురించి చెప్పాను.

స్వాతి_మేకన్:
చాలాసేపు చదువుతూ కూర్చున్నాను, ఇక ఆగలేక రాస్తున్నాను. మా ఆయన ఆఫ్రికన్ అమెరికన్, అత్తగారిది జార్జియాలోని మేకన్. ముందు చిన్న విషయం: హాపిన్ జాన్, కొలార్డ్స్ జనవరి 1న తినేవి, అదృష్టం కోసం, డబ్బు కోసం. జూన్‌టీన్త్‌కి ఎర్ర డ్రింక్, బార్బెక్యూ ఉంటాయి. ఇంత చర్చలో ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు.

మా మామగారికి స్ట్రోక్ వచ్చాక అత్తగారు హ్యామ్ హాక్ తనంతట తానే మానేసి పొగబెట్టిన టర్కీ మెడ వేయడం మొదలుపెట్టారు. ఎవరూ క్లాస్ పీకలేదు. ఆసుపత్రి డైటీషియన్ ఇచ్చిన కాగితంలో కేల్ (ఒక ఆకుకూర), కీన్వా (ఒక ధాన్యం) అని ఉంది. ఆవిడ దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, మా ఇంట్లో ఆకుకూర లేదనుకుందా ఈ పిల్ల, అన్నారు. మా ఆడపడుచు పక్కా వీగన్, హంట్స్‌విల్‌లో ఓక్‌వుడ్ యూనివర్సిటీలో చదివింది. అది 1896 నుంచి ఉన్న నల్లజాతి అడ్వెంటిస్టుల (శాకాహారాన్ని ప్రోత్సహించే క్రైస్తవ శాఖ) కాలేజీ, క్యాంటీన్‌లో మాంసం ఉండదు. అట్లాంటా వెస్ట్ ఎండ్‌లో సోల్ వెజిటేరియన్ హోటల్ దశాబ్దాల నాటిది. ఇవన్నీ వాళ్లే పెట్టుకున్నారు. మా ఆడపడుచు థ్యాంక్స్‌గివింగ్‌కి జీడిపప్పు రుబ్బి చేసిన మ్యాక్ అండ్ చీజ్ తెస్తుంది, అత్తగారు ఒక చెంచా తిని "థాంక్యూ బేబీ" అని తన గిన్నె వైపు తిరుగుతారు. ఆ పోట్లాట వాళ్లింట్లోది, వాళ్లు పడతారు.

మాధురి గారూ, కొలార్డ్స్ మీద నాకేం గొడవ లేదు. బీపీ అని మీ మేనేజర్ గురించి రాశారు చూడండి, ఆయన మిమ్మల్ని అడిగారా?

మాధురి_మేరియెట్టా:
అడగలేదు. మంచి చేయడానికి అడిగించుకోవాలా? అందరూ నన్ను శుచి, మడి అనే గాటన కట్టేస్తున్నారు కాబట్టి చెప్తున్నాను. మా నాన్నకి బీపీ ఉండేది. అయినా అన్నంలోకి ఆవకాయ, మజ్జిగలోకి ఊరమిరపకాయలు, సాయంత్రం అప్పడాలు. అన్నీ వెజ్జే, పంది ఎక్కడా లేదు. పెద్దాయన ఇష్టం, అలవాటు, ఎలా కాదంటాం అని ఇంట్లో అందరూ గౌరవంగా నోరు మూసుకున్నాం. అరవై నిండకుండా పోయారు. మీరు చెప్పే ఈ గౌరవం ఎలా ఉంటుందో నాకు తెలుసు స్వాతి గారూ. నా ఎదురుగా రోజూ కూర్చుని మాత్రలు మింగే మనిషికి ఉప్పు తక్కువున్న గిన్నె ఒకటి పెడితే అది అవమానం ఎలా అవుతుంది?

శైలజ_ఆర్‌ఎన్:
ఒక్క మాట. మీ మేనేజర్ వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) మీద ఉంటే కొలార్డ్స్‌లో విటమిన్ కె బాగా ఎక్కువ. మానక్కర్లేదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదు తినాలి. ఒకరోజు గిన్నెడు తిని వారం ముట్టకపోతే ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూపే పరీక్ష లెక్క) తారుమారవుతుంది. ఉప్పుకి బదులు అమ్మే పొటాషియం ఉప్పు మాత్రం వేయకండి, కిడ్నీ జబ్బున్నవాళ్లకి ప్రమాదం. బల్ల మీద ఎవరి ఒంట్లో ఏముందో మనకి తెలియదు.

స్వాతి_మేకన్:
మీ నాన్నగారి విషయంలో మీకు హక్కుంది మాధురి గారూ, కూతురు కాబట్టి. ఆఫీస్‌లో ఆయన మీకు మేనేజర్. ఆయన తినే ప్రతి ముద్ద గురించి డాక్టర్ నుంచి టీవీ దాకా అందరూ ముందే చెప్పేసి ఉంటారు, పండగ రోజు కూడా ఒకరు చెప్పాలా? గిన్నె పెట్టండి, మీ వంటగా పెట్టండి. బీపీ మాట ఎత్తకండి.

మాధురి_మేరియెట్టా:
ఎత్తను. కానీ ఉప్పు మాత్రం తక్కువే వేస్తాను.

కిరణ్_బర్మింగ్‌హామ్:
సరే, నాదొక్క ప్రశ్న. మీ టీమ్‌లో ఎవరైనా హ్యామ్ హాక్ వేసి వండిన గ్రీన్స్ తెస్తే మీ గిన్నె పక్కనే పెట్టనిస్తారా?

మాధురి_మేరియెట్టా:
ఎందుకు పెట్టనివ్వను? గరిటెలు కలవకుండా ఉంటే చాలు.

కిరణ్_బర్మింగ్‌హామ్:
ఆ, గరిటె దగ్గరికొచ్చింది.

మాధురి_మేరియెట్టా:
వెజ్ తినేవాళ్లు ఎవరైనా అదే అడుగుతారు కిరణ్ గారూ. స్వాతి గారి ఆడపడుచు కూడా అడుగుతుంది. ఆవిణ్ణీ ఇలాగే నిలదీస్తారా?

కిరణ్_బర్మింగ్‌హామ్:
ఆవిడ అడిగితే వాళ్లమ్మని అడుగుతుంది. మీరు అడిగేది నన్ను.

శైలజ_ఆర్‌ఎన్:
గరిటెలు వేరుగా పెట్టడమే మంచిది, అలర్జీలు ఉన్నవాళ్లు కూడా ఉంటారు. జీడిపప్పు వాడితే గిన్నె ముందు కాగితం మీద రాసి పెట్టండి.