ఎండలో ఫొటోలకు ఏ కూలింగ్ గ్లాస్? పవర్ ఉన్నవాళ్ళు ఏం చేయాలి?

కందనవోలు క్లిక్కు (కర్నూలు)

అన్నలకు, అక్కలకు నమస్తే. నేను ఎక్కువగా ఫొటోలు తీసేది ఓర్వకల్లు రాళ్ళు, గండికోట, రోళ్ళపాడు గడ్డిమైదానం. పొద్దున 6 నుంచి 10 దాకా, మళ్ళీ సాయంత్రం 4 తర్వాత. ఏప్రిల్, మే నెలల్లో 9 దాటితే ఆ రాళ్ళ మీది వెలుగుకు కళ్ళు నిలవవు. కెమెరా మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని రకం), వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) ఎలక్ట్రానిక్. రెండు కళ్ళకూ మైనస్ 2.25, కుడికంటికి సిలిండర్ (ఒక దిశలోనే సరిచేసే పవర్) 0.75. బడ్జెట్ 3 వేలు.

పోలరైజ్డ్ (మెరుపును తగ్గించే రకం) పెట్టుకుంటే కెమెరా స్క్రీన్ నల్లగా అయిపోతుందంటారు, నిజమేనా? రంగు ఏది తీసుకోవాలి? లేకపోతే ఎండకు నల్లబడే డే నైట్ అద్దాలు వేయించుకుంటే ఒకే జతతో సరిపోతుందా?

అద్దాలంగడి (అనంతపురం)

డే నైట్ సంగతి ముందు తేల్చేద్దాం. ఆ అద్దం యూవీ (ఎండలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు) తగిలితే నల్లబడుతుంది, వేడి తగిలితే మళ్ళీ తేటపడుతుంది. రెండూ ఒకేసారి జరుగుతుంటాయి. అందుకే చలికాలం పొద్దున బాగా నల్లబడే అద్దం, మే నెలలో 42 డిగ్రీల ఎండలో సగం సగంగానే ఉంటుంది. మనకు కావలసిన రోజునే పని తగ్గుతుందన్నమాట. కారు ముందద్దం యూవీని ఆపేస్తుంది కాబట్టి డ్రైవింగ్‌లోనూ సరిగా నల్లబడదు. రోజువారీ వాడకానికి మంచిదే, మీ పనికి వద్దు.

ఇక కొనేటప్పుడు నలుపు చూసి మోసపోవద్దు. నలుపు వేరు, యూవీని ఆపడం వేరు. అద్దం నల్లగా ఉంటే కంటిపాప పెద్దదవుతుంది. ఆ అద్దానికి యూవీని ఆపే గుణం లేకపోతే, ఉత్త కళ్ళతో ఉన్నప్పటికంటే ఎక్కువే లోపలికి పోయే ప్రమాదం ఉంది. యూవీ 400 అంటే 400 నానోమీటర్ల దాకా ఆపుతుందని అర్థం. ఫుట్‌పాత్ మీద దొరికేవాటికీ ఆ స్టిక్కర్ ఉంటుంది, కాబట్టి స్టిక్కర్‌ను నమ్మొద్దు. యూవీని కొలిచే మీటరు ఉన్న షాపులో పెట్టి చూపించమనండి.

మీటరు లేకపోతే 365 నానోమీటర్ల యూవీ టార్చి, ఒక నోటు చాలు. నోటు మీది దారం ఆ వెలుగుకు మెరుస్తుంది. టార్చికీ నోటుకూ మధ్య అద్దం పెట్టండి, మెరుపు పోవాలి. అద్దంలోంచి నోటును చూడకండి, అది పరీక్ష కాదు. చవకగా దొరికే 395 టార్చితోనూ తేలదు. అది 400కు మరీ దగ్గర, ఊదా వెలుగు కూడా కలిసి వస్తుంది.

నలుపును 0 నుంచి 4 దాకా కేటగిరీలుగా చెబుతారు. కేటగిరీ 2 అద్దం 18 నుంచి 43 శాతం వెలుగును వదులుతుంది, 3 అయితే 8 నుంచి 18 శాతం. 4 వదిలేది 3 నుంచి 8 శాతమే, దాన్ని పెట్టుకొని బండి నడపకూడదు. మీకు 3 చాలు. రంగు బూడిద, అంటే గ్రే. అన్ని రంగులనూ దాదాపు సమానంగా తగ్గిస్తుంది కాబట్టి ఓర్వకల్లు రాయి ఏ రంగులో ఉందో ఆ రంగులోనే కనిపిస్తుంది. బ్రౌన్ నీలాన్ని కోసేస్తుంది. దుమ్ములో, ఎండుగడ్డిలో కృష్ణజింకను వెతకడానికి అదే మేలు, కానీ దాన్ని పెట్టుకొని వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా వచ్చేలా రంగుల సర్దుబాటు) సరిచేస్తే ఫొటో చెడుతుంది.

ఇంకోటి. ఫొటో తీసేటప్పుడు సూర్యుడు చాలాసార్లు మన వీపు వెనకే ఉంటాడు. ఆ వెలుగు అద్దం లోపలి వైపు తగిలి కంట్లోకి కొడుతుంది. లోపలి వైపు యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్ ఉందో లేదో అడగండి.

పెన్నా ఒడ్డు (జమ్మలమడుగు)

స్క్రీన్ నల్లబడటం నిజమే, కానీ అన్ని కెమెరాల్లో ఒకేలా ఉండదు. పోలరైజ్డ్ అద్దం నిలువుగా ఊగే వెలుగును వదిలి, అడ్డంగా ఊగేదాన్ని ఆపుతుంది. ఎల్‌సీడీ స్క్రీన్ నుంచి వచ్చే వెలుగు కూడా ఒకే దిశలో ఊగుతుంది. రెండు దిశలూ కలిస్తే బాగా కనిపిస్తుంది, అడ్డంపడితే నలుపు. కొన్ని కెమెరాల్లో అడ్డంగా పట్టుకుంటే కనిపించి నిలువుగా తిప్పితే పోతుంది, కొన్నింట్లో తిరగబడుతుంది. వెనక స్క్రీన్ ఒకలా, వ్యూఫైండర్ ఇంకోలా కూడా ఉండొచ్చు. షాపుకు కెమెరా తీసుకుపోయి రెండు రకాలుగా తిప్పి చూడటం తప్ప వేరే దారి లేదు.

అయినా నా ఓటు పోలరైజ్డ్‌కే. ఎందుకంటే అది సీపీఎల్ ఫిల్టర్‌కు (లెన్స్ ముందు బిగించి తిప్పే పోలరైజ్డ్ అద్దం) ముందస్తు పరీక్షలా పనికొస్తుంది. అద్దాలు పెట్టుకొని తలను భుజం మీదికి వంచండి, మళ్ళీ నిలబెట్టండి. ఆకాశం ముదిరి తేలికపడుతుంటే, నీటి మెరుపు వచ్చి పోతుంటే సీపీఎల్ బిగించండి. ఏమీ మారకపోతే బ్యాగులోనే ఉండనీయండి, ఊరికే ఒకటి రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) వెలుగు పోగొట్టుకోవడం ఎందుకు?

ఆకాశంలో ఈ తేడా సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఎక్కువ, సూర్యుడి వైపూ దానికి సరిగ్గా ఎదురుగానూ ఉండదు. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా మీద 16 ఎంఎం వైడ్ లెన్స్ పెడితే చాలా ఆకాశం పడుతుంది కాబట్టి మధ్యలో ఒక ముదురు పట్టీ తేలుతుంది. అద్దాలతో చూస్తే ఆ పట్టీ ఎక్కడ పడుతుందో ముందే తెలుస్తుంది.

నీటి మెరుపు బాగా తగ్గేది నీటి మట్టానికి దాదాపు 37 డిగ్రీల కోణంలో చూసినప్పుడు. గండికోట అంచు నుంచి నిట్టనిలువునా కిందికి చూస్తే పెన్న మీద పెద్ద తేడా ఉండదు, చాలా దూరపు మలుపులోనూ ఉండదు. మధ్యలో ఉన్న నీటి మీదే పనిచేస్తుంది. స్టీలు, ఇనుము లాంటి లోహాల మెరుపును పోలరైజ్డ్ తగ్గించలేదు. పాలిష్ పట్టిన కడప బండ మెరుపును తగ్గిస్తుంది.

గుత్తి కోట

ఇంత అవసరమా? అంచు వెడల్పు టోపీ పెట్టుకొని, స్క్రీన్ బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచితే పోదా?

అద్దాలంగడి (అనంతపురం)

టోపీ పైనుంచి వచ్చే వెలుగును ఆపుతుంది. కింద రాతి మీంచి, ఎండిన చెరువు మట్టి మీంచి లేచేదాన్ని ఆపదు. రెండూ కావాలి.

బ్రైట్‌నెస్ పెంచడంలో ఒక చిక్కుంది. స్క్రీన్ వెలిగిపోతుంటే ఫొటో కూడా వెలుగ్గా వచ్చిందనుకుంటాం, ఇంటికెళ్ళి చూస్తే ముదురుగా ఉంటుంది. పోలరైజ్డ్‌లో దీనికి వ్యతిరేకం, స్క్రీన్ మసకగా కనిపించేసరికి ఎక్స్‌పోజర్ (ఫొటోకు తీసుకునే వెలుగు) పెంచేసి ఆకాశాన్ని తెల్లగా కాల్చేస్తాం. రెంటికీ మందు హిస్టోగ్రామే, అంటే ఫొటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్.

అసలు కూలింగ్ గ్లాస్ కెమెరాలోంచి చూడ్డానికి కాదు. కెమెరా దించి ఉన్న సమయం కోసం. ఉత్త కళ్ళతో ఎండలో అరగంట నిలబడి వ్యూఫైండర్‌లో కన్ను పెడితే కాసేపు అంతా చీకటే. అద్దాలు పెట్టుకొని ఉండి, తీసే క్షణంలో తొలగిస్తే వెంటనే స్పష్టంగా కనిపిస్తుంది. అంచేత పెట్టడం, తీయడం ఎంత సులువో చూసి కొనాలి.

కందనవోలు క్లిక్కు (కర్నూలు)

అక్కడే నా సమస్య అన్నా. తీసేస్తే పవర్ కూడా పోతుంది కదా? వ్యూఫైండర్ పక్కనున్న డయాప్టర్ చక్రం (కంటి పవర్‌కు తగ్గట్టు సరిచేసేది) తిప్పుకుంటే చాలదా?

అద్దాలంగడి (అనంతపురం)

వ్యూఫైండర్ లోపలికి చాలు. మైనస్ 2.25 చాలా కెమెరాల డయాప్టర్ పరిధిలోనే ఉంటుంది. లోపలి అంకెలు పదునుగా కనిపించేదాకా తిప్పాలి, దృశ్యాన్ని చూస్తూ తిప్పకూడదు. సిలిండర్‌ను అది సరిచేయదు. 0.75 చిన్నదే కాబట్టి అక్షరాల అంచులు కాస్త మసకబారతాయి, ఆటోఫోకస్‌కు దాంతో పని లేదు.

కానీ కెమెరా దించగానే? మైనస్ 2.25 కంటికి అద్దాలు లేకుండా 44 సెంటీమీటర్లు దాటితే మసకే. రోళ్ళపాడులో పిట్టను వెతికేది ఎట్లా? కాబట్టి మీ మామూలు పవర్ అద్దాల మీదికే పైకి లేచే క్లిప్ తీసుకోండి. గ్రే, పోలరైజ్డ్, కేటగిరీ 3. వెతికేటప్పుడు కిందికి, తీసేటప్పుడు పైకి. బడ్జెట్‌లోనే అయిపోతుంది. మ్యాగ్నెట్‌తో అతుక్కునేవి చూడ్డానికి బాగుంటాయి గానీ, తీసిన ప్రతిసారీ జేబు వెతుక్కోవాలి, గాలికి లోయలో పడితే అంతే. క్లిప్ పట్టుకునే చోట రబ్బరు తొడుగు లేకపోతే పవర్ అద్దం మీద గీతలు పడతాయి.

కెమెరా వెనక గట్టి రబ్బరు ఐకప్ (వ్యూఫైండర్ చుట్టూ ఉండే తొడుగు) ఉంటే దానితోనూ గీతలే. రబ్బరు మీద ఇసుకరేణువు ఒక్కటి చాలు. అద్దాలుంటే కన్ను వెనక్కి జరుగుతుంది కాబట్టి ఫ్రేమ్ మూలలు కనిపించకపోవచ్చు. వ్యూఫైండర్ బొమ్మను చిన్నది చేసే సెట్టింగ్ మీ కెమెరాలో ఉందేమో మెనూలో చూడండి.

పెన్నా ఒడ్డు (జమ్మలమడుగు)

మన దుమ్ము గురించి కూడా ఒక మాట. పొడిగా తువ్వాలుతో తుడిస్తే రాతిపొడి కోటింగ్‌ను గీకేస్తుంది. ముందు నీళ్ళు పోయండి, గిన్నెల సబ్బు ఒక్క చుక్క వేసి వేళ్ళతో రుద్దండి, కడిగాకే మెత్తటి గుడ్డ. కారు డ్యాష్‌బోర్డు మీద వదిలిపెట్టొద్దు. ఆ వేడికి పోలరైజ్డ్ పొర అంచుల్లో లేచిపోతుంది, కోటింగ్ సన్నగా పగుళ్ళు పడుతుంది. డీట్ (DEET) అనే రసాయనం ఉన్న దోమల మందు రాసుకున్న చేత్తో ప్లాస్టిక్ ఫ్రేమ్ ముట్టుకోవద్దు.

సూర్యాస్తమయం తీసేవాళ్ళూ ఇది చదువుతుంటారు: పోలరైజ్డ్ అయినా, కేటగిరీ 4 అయినా నేరుగా సూర్యుడిని చూడ్డానికి పనికిరాదు. డీఎస్ఎల్ఆర్ లాంటి, లోపల అద్దంతో పనిచేసే కెమెరాకు టెలిఫొటో (దూరపువాటిని దగ్గరగా చూపే) లెన్స్ తగిలించి వ్యూఫైండర్‌లోంచి సూర్యుడిని చూడటం ఇంకా ప్రమాదం.

కందనవోలు క్లిక్కు (కర్నూలు)

పైకి లేచే క్లిప్పే ఖాయం. అది నిజంగా పోలరైజ్డో కాదో కొట్లోనే తెలుసుకోవడం ఎట్లా? ఫోన్‌లో చూస్తే సరిపోతుందా?

అద్దాలంగడి (అనంతపురం)

కొన్ని ఫోన్ల స్క్రీన్‌లో తేడా తెలియకుండా పొర వేసి ఉంటుంది, ఫోన్‌ను నమ్ముకోవద్దు. కౌంటరు మీద లెక్కలు వేసే క్యాలిక్యులేటర్ అడగండి. దాని అంకెల మీద క్లిప్ పెట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పండి. ఏదో ఒక చోట అంకెలతో సహా డిస్‌ప్లే అంతా నల్లబడాలి. క్లిప్‌లోని రెండు అద్దాలనూ విడివిడిగా చూడండి, రెండూ ఒకే కోణంలో నల్లబడాలి. ఒకటి ముందు, ఒకటి తర్వాత నల్లబడితే ఆ క్లిప్ పక్కన పెట్టి ఇంకోటి తీయమనండి.