ధర్నాకు ‘దిగడం’ ఏమిటి, కూర్చోవడం కదా?

నిన్న గ్రూపులో ఒకరు అడిగారు: “దీక్షకు కూర్చున్నారు అంటాం, ధర్నాకు మాత్రం దిగారు అంటాం. ఎందుకని?” రాత్రంతా ఆ ప్రశ్నే నా బుర్రలో తిరిగింది.

ధర్నా అంటేనే కూర్చోవడం. సంస్కృతంలో ‘ధృ’ ధాతువుకు పట్టుకొని ఉండటం అని అర్థం. మనకు హిందీ మీదుగా వచ్చింది. వెనకటి రోజుల్లో అప్పిచ్చినవాడు బాకీ తీర్చనివాడి గుమ్మం ముందు తిండి మానేసి కూర్చునేవాడు. అక్కడే పస్తుండి చస్తే ఆ పాపం ఇంటివాడికి చుట్టుకుంటుందని భయం. దైవకోపం పేరు చెప్పి అలా భయపెట్టడాన్ని 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 508వ సెక్షన్ నేరమంది. ఇంగ్లిషులో రాసిన ఆ చట్టంలోనూ ఉదాహరణ దగ్గర ‘ధర్నా’ అన్న మాటనే ఉంచేశారు.

ఇక ‘దిగడం’. గొడవకు దిగాడు, దాడికి దిగారు, బెదిరింపులకు దిగారు. ఊరికే కూర్చున్న మనుషుల్ని మన వార్తల భాష ఈ వరసలో కలిపేసింది. నేనైతే ‘ధర్నాలో కూర్చున్నారు’ అనే రాస్తాను.

జవాబు:
మాస్టారూ, మా ఇల్లు హైదరాబాద్ ఇందిరాపార్కు పక్కనే. మైకుల మోత, ట్రాఫిక్ జామ్, పిల్లల పరీక్షలప్పుడు ఒకటే టెన్షన్. రోడ్డును ఎన్నాళ్లంటే అన్నాళ్లు ఆక్రమించుకుని కూర్చోవడం కుదరదని 2020లో ఢిల్లీ షాహీన్‌బాగ్ నిరసన కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది కదండీ.

నా జవాబు:
అమ్మా, మీ ఇబ్బంది నిజమే, కాదనను. కానీ దారి ఆపడానికి మనకు వేరే మాట ఉంది, రాస్తారోకో. పేపర్లు ‘ధర్నా, రాస్తారోకో’ అని జంటగా రాసీ రాసీ రెండూ ఒకటే అనిపించేలా చేశాయి. ఆ తీర్పే నిరసన హక్కును ఒప్పుకుని, నిర్ణీత స్థలాల్లో చేసుకోమంది. మీ ఇందిరాపార్కు దగ్గరి ధర్నాచౌక్ అలాంటి స్థలమే. 2017లో దాన్ని నగరం అంచుకు తరలించాలని చూశారు. బాకీ ఉన్నవాడి గుమ్మం సచివాలయమైతే, ఊరవతల కూర్చున్నది ధర్నా ఎలా అవుతుంది? 2018 నవంబరులో హైకోర్టు ధర్నాచౌక్‌లో మళ్లీ ధర్నాలకు వీలు కల్పించింది. 2021 నవంబరు 18న, తరలించాలన్న ప్రభుత్వ ముఖ్యమంత్రే మంత్రులతో సహా వచ్చి, వడ్ల కొనుగోలు విషయంలో కేంద్రం మీద అక్కడే ధర్నా చేశారు. ఆంధ్రలో రోడ్ల మీద సభలకు అడ్డుకట్ట వేసిన 2023 జనవరి నాటి జీవో 1ని మే నెలలో అక్కడి హైకోర్టు కొట్టేసింది. కుర్చీలో ఉన్నప్పుడు ‘శాంతిభద్రతల సమస్య’ అన్నదే, కుర్చీ పోయాక ‘ప్రజాస్వామ్య హక్కు’ అయిపోతోంది. ఒక్క పార్టీ అని కాదు. నాకు కష్టంగా ఉండేది అదే.

మా నాయనమ్మ కోత కూలి డబ్బుల కోసం ఒకసారి ఆసామి అరుగు మీద పొద్దుటి నుంచి దీపాలు పెట్టే వేళ దాకా కూర్చుందట. మజ్జిగ తెచ్చి ఇచ్చినా ముట్టలేదు. కొంగు ముడిలో డబ్బులు పడ్డాకే లేచింది. ధర్నా అన్న మాట ఆమెకు తెలియదు. “పట్టుబట్టి కూర్చున్నా” అని చెప్పేది. ‘ధృ’కు తెలుగులో అంత దగ్గరి మాట నాకింకోటి దొరకలేదు. మీ ఊళ్లో దీన్ని ఏమనేవాళ్లు?