రీడ్ ఎలౌడ్‌లో ప్రొనన్సియేషన్ స్కోరు 48 దాటట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న (భవానీనగర్, తిరుపతి):
నమస్తే. విదేశాలకు వెళ్ళడానికి రాసే ఇంగ్లిష్ పరీక్ష పీటీఈకి చదువుతున్నాను. ప్రాక్టీస్ యాప్‌లో రీడ్ ఎలౌడ్ (తెర మీద కనిపించేది మైకులో పైకి చదవడం) చేస్తుంటే ఫ్లూయెన్సీ బాగానే వస్తోంది, ప్రొనన్సియేషన్ మాత్రం నెలరోజులుగా 90కి 48 దగ్గరే ఉంది. అమెరికన్ యాసలో చదివితే ఇంకా తగ్గింది. మన యాసను మెషీన్ ఒప్పుకోదా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
చెల్లీ, అరువు యాస వద్దు. నువ్వు చదివే వాక్యం యాప్‌కు ముందే తెలుసు. నీ గొంతును ఆ వాక్యంలోని శబ్దాలకు ముక్కముక్కగా సర్దుకుని, ప్రతి ముక్క దగ్గరా ఇక్కడ రావలసిన శబ్దమే వచ్చిందా, వేరేదానికి దగ్గరగా ఉందా అని లెక్క కడుతుంది. విట్, యంగ్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన పద్ధతి ఇలాంటిదే. కాబట్టి మొత్తం మార్కు పక్కనబెట్టి, ఏ శబ్దాలను యాప్ తప్పని ఎర్రగా చూపిస్తోందో చూడు.

మన వాళ్ళకు ముందు దెబ్బకొట్టేది పదం చివరి ఉకారం. బ్యాంకు, రోడ్డు, బస్సు అనడం మనకు చిన్నప్పటి అలవాటు. ఇంగ్లిష్ చదివేటప్పుడూ ఆ 'ఉ' జారిపోతుంది, మెషీన్‌కు అది లేని అచ్చు. తర్వాత 'జీరో'లోని z శబ్దం, దాన్ని మనం 'జ' అనేస్తాం. 'స్స్' అని సాగదీస్తూ గొంతు మీద వేలు పెట్టి, వణుకు తగిలేదాకా గొంతు కలుపు. నాలుక మాత్రం కదలకూడదు. 'వెస్ట్' అంటే పడమరైతే పెదాలు గుండ్రంగా చుట్టాలి, బనియనైతే పై పళ్ళు కింది పెదవికి తగలాలి. స్ట్రెస్ (ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలన్నది) కూడా చూసుకో: 'ఫొటోగ్రాఫ్'లో మొదటి అక్షరం మీద, 'ఫొటోగ్రఫర్'లో రెండో దాని మీద. మనం అన్నిటినీ ఒకే బరువుతో పలుకుతాం.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, నా రికార్డింగ్ విన్నాను. నాలుగు వాక్యాల్లో మూడుచోట్ల ఆ 'ఉ' ఉంది! ఇన్నాళ్ళూ నాకే వినపడలేదు. మా రూము రోడ్డు పక్కనే, అలిపిరి బస్సుల హారన్లు ఆగవు. దానికీ తగ్గుతుందా?

జవాబు:
తగ్గొచ్చు. ఒకే వాక్యాన్ని ఫ్యాన్ ఆపి, కిటికీ వేసి మళ్ళీ చదివి చూడు. స్కోరు పెరిగితే ఆ తేడా నీ నోటిది కాదు. మైకు నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు పెట్టుకో, ఊపిరి తగలదు.

మరొకరు:
ఇంకో మాట. యాప్ మార్కు అసలు పరీక్ష మార్కు కాదమ్మా. అక్కడ 3 సెకన్లు మౌనంగా ఉంటే మైకు ఆగిపోతుంది. తప్పు పలికినా వెనక్కి వెళ్ళకుండా ముందుకు చదువు.

ప్రశ్న అడిగినవారు:
ఫ్యాన్ ఆపి చదివాను. 'జీరో' ఎరుపు పోయింది. 'వెస్ట్' ఇంకా పోలేదు, అద్దం ముందు పెట్టుకుని కూర్చున్నాను.