పైథాన్ లిస్ట్‌లోంచి తీసేస్తుంటే 18 ఒక్కటే ఎందుకు మిగిలిపోతోంది?

ప్రశ్న:
నమస్కారం అండి. పైథాన్ మొదలుపెట్టి నెల అయింది. మార్కుల లిస్ట్ ఒకటి పెట్టుకున్నాను: 72, 20, 18, 41, 30, 55. 35 కంటే తక్కువున్నవన్నీ తీసేయాలి. ఫర్ లూప్‌లో ఒక్కో మార్కూ చూస్తూ, తక్కువైతే రిమూవ్ అని రాశాను. 20 పోయింది, 30 పోయింది, 18 మాత్రం కదలట్లేదు. ఎర్రర్ కూడా రావట్లేదు, అదే టెన్షన్.

జవాబు 1:
మీ కండిషన్ కరెక్టే. ఫర్ లూప్ లిస్ట్‌ని 0వ స్థానం, 1వ స్థానం అని లెక్కపెట్టుకుంటూ పోతుంది, అంతే. 1లో 20 దొరికింది, తీసేశారు, వెంటనే వెనకున్నవన్నీ ఒక్కో అడుగు ముందుకు జరిగాయి, 18 వచ్చి 1లో కూర్చుంది, లూప్ మాత్రం 2కి వెళ్ళిపోయింది, అక్కడున్నది 41. 18ని అసలు చూడనే లేదు. తీసేయాల్సినవి పక్కపక్కన పడితేనే ఇది బయటపడుతుంది, అందుకే చాలాసార్లు కోడ్ బాగానే ఉందనిపిస్తుంది. తీసేయడం మానేసి, 35, అంతకంటే ఎక్కువ ఉన్నవాటితో కొత్త లిస్ట్ చేయండి. లిస్ట్ కాంప్రహెన్షన్‌తో, అంటే స్క్వేర్ బ్రాకెట్లలోనే లూప్, కండిషన్ రాసేసే పద్ధతితో, ఒక్క లైన్.

జవాబు 2:
కాపీ మీద లూప్ తిప్పి అసలుదాంట్లోంచి రిమూవ్ చేయమని కూడా కొందరు చెప్తారు. పని చేస్తుంది, కానీ నేను వద్దంటాను. రిమూవ్ ప్రతిసారీ మొదటినుంచి వెతకాలి, దొరికాక వెనకవన్నీ జరపాలి. ఆరు మార్కులకి ఏం తెలియదు, లక్ష ఉంటే మాత్రం బాగా తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
వచ్చిందండి! 72, 41, 55. చాలా థాంక్స్. కానీ అదే లైన్ ఫంక్షన్‌లో పెట్టి మార్కుల లిస్ట్ పంపిస్తే, బయట ఆరూ అలాగే ఉన్నాయి. మళ్ళీ ఏం తప్పు చేశాను?

జవాబు 1:
ఫంక్షన్‌లోకి వెళ్ళేది కాపీ కాదు, అదే లిస్ట్‌కి లోపల ఇంకో పేరు. ఆ పేరుకి మీరు కొత్త లిస్ట్ ఇచ్చేసరికి లోపలి పేరు కొత్తదాని వైపు తిరిగింది, బయటి పేరు పాతదాని దగ్గరే ఉండిపోయింది. కొత్తదాన్ని రిటర్న్ చేసి, బయట మార్కులకి మళ్ళీ ఇచ్చుకోండి. నేను ఎప్పుడూ ఇలాగే రాస్తాను, పిలిచినవాళ్ళ లిస్ట్ వాళ్ళకి తెలియకుండా మారకూడదు. పాత లిస్టే మారి తీరాలంటే, ఫంక్షన్‌లో పేరు పక్కన స్క్వేర్ బ్రాకెట్లు పెట్టి, మధ్యలో కోలన్ రాసి, దానికి కొత్త లిస్ట్ ఇవ్వండి. అప్పుడు లిస్ట్ అదే ఉంటుంది, లోపలున్నవి మారతాయి.